మత విశ్వాసం, మారే రాజకీయ అభిప్రాయం, ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ ఓటరు అవగాహన సమావేశాల్లోనూ ఇళ్లలోనూ అవే సందేహాలు తిరిగి వినిపిస్తున్నాయి. విశ్వాసి అయిన ఓటరుకు ఏ దశలో ఏ సందేహం వస్తుందో ఆ వరుసలోనే వాటిని ఇక్కడ చేర్చాం. ప్రతి ప్రశ్నకూ జవాబు అక్కడే పూర్తవుతుంది కనుక మీకు కావలసినది మాత్రమే చదువుకోవచ్చు. ఏ పార్టీకి ఓటు వేయాలో ఇందులో చెప్పలేదు. అయితే ఒక అభిప్రాయాన్ని మాత్రం దాచుకోలేదు: విశ్వాసం మనిషి సొంతం, దాని తరఫున ఓటు అడిగే హక్కు తనకు ఉందని చెప్పుకొనే ప్రతి ఒక్కరినీ ఓటరు నిలదీయాలి.

## అభిప్రాయం ఏర్పడే దశ, మారే దశ

నా మత విశ్వాసాన్ని బట్టి ఓటు వేస్తే తప్పా? చట్టం ఒప్పుకుంటుందా?

తప్పు కాదు, చట్టవిరుద్ధమూ కాదు. ఓటరు ఏ కారణంతో ఓటు వేశాడని అడిగే అధికారం ఏ అధికారికీ, ఏ న్యాయస్థానానికీ లేదు. చట్టం కట్టడి చేసేది ఓటు అడిగేవారినే: అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, ఆయన సమ్మతితో మరొకరు గానీ మతం పేరుతో ఓటు అడగకూడదు. ఓటరు మాత్రం తన విశ్వాసం నేర్పిన దయ, న్యాయం, నిజాయితీ, మద్యం పట్ల వ్యతిరేకత, పేదల పట్ల బాధ్యత వంటి విలువలతో అభ్యర్థులను తూచవచ్చు. అలా తూచడం ఒకటి, అభ్యర్థి మన మతస్థుడైతే చాలు ఇంకేమీ చూడనక్కరలేదనుకోవడం ఇంకొకటి. మొదటి దానిలో విశ్వాసం మీ చేత ఆలోచింపజేస్తుంది. రెండో దానిలో విశ్వాసానికి పనేమీ లేదు, ఓటరు జాబితాలో ఇంటిపేర్లు చూసి లెక్క కట్టే కార్యకర్త కూడా ఆ నిర్ణయం చేయగలడు.

భక్తి ఎక్కువగా ఉన్నవాళ్లందరూ ఒకే పార్టీ వైపు ఉంటారు కదా?

ఉండరు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 చివరి నుంచి 2020 ఆరంభం వరకు దేశవ్యాప్తంగా దాదాపు 30,000 మందితో మాట్లాడి 2021లో ప్రచురించిన సర్వేలో, 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసిన హిందువుల్లో 49 శాతం మంది భారతీయ జనతా పార్టీకి వేశామని చెప్పారు. ఉత్తరాదిలో ఆ సంఖ్య 68 శాతం, దక్షిణాదిలో 19 శాతం. కొలిచే దేవుళ్లు వారే, జరుపుకొనే పండుగలు చాలావరకు అవే, అయినా ఓటు అంతగా వేరుపడింది. విశ్వాసం ఓటుగా మారే దారిలో భాష, కులం, స్థానిక పార్టీలు, సంక్షేమ పథకాలు, నాయకుడి మీద నమ్మకం అన్నీ అడ్డు వస్తాయి లేదా తోడు వస్తాయి. కాబట్టి ఒకరి నుదుటి బొట్టునో, మెడలోని సిలువనో, తలపై టోపీనో చూసి వారి ఓటు ఎటో ఊహించడం తరచూ పొరపాటే అవుతుంది.

ఇదివరకు ఒక పార్టీకి వేసేవాణ్ని, ఇప్పుడు మనసు మారింది. నా విశ్వాసం సడలినట్టా?

కాదు. 1983లో ఎన్.టి. రామారావు గారిని వెండితెర మీద రాముడిగా, కృష్ణుడిగా చూసి హారతులు పట్టిన ఇళ్లే ఆయనను ముఖ్యమంత్రిని చేశాయి. ఆ ఇళ్లలో దేవుడి గది మారకుండానే 1989లో ఆయన పార్టీ అధికారం కోల్పోయింది, ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు, మళ్లీ 1994లో ఘనంగా గెలిచారు. ఓటర్లు భక్తిని ఒక చోట, కిలో రెండు రూపాయల బియ్యాన్నీ పరిపాలన తీరునూ మరో చోట ఉంచి తూచగలిగారని ఆ మూడు ఎన్నికలూ చూపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175 స్థానాలకు 151 గెలిచిన పార్టీ 2024లో 11కు పరిమితమైంది. ఆ అయిదేళ్లలో రాష్ట్ర ప్రజల మతమేమీ మారలేదు.

మనసు మారినప్పుడు మీరు పరిశీలించుకోవలసింది వేరే ఉంది. మారినది విలువా, లేక ఆ విలువను ఎవరు నిలబెడతారన్న అంచనానా? ఉదాహరణకు, పేదవాడి ఆకలి తీర్చాలన్నది మీ విశ్వాసం చెప్పిన మాట అయితే, పదేళ్ల క్రితం ఒక పార్టీ, ఇప్పుడు మరో పార్టీ ఆ పని బాగా చేస్తుందని మీకు అనిపించవచ్చు. అక్కడ మీ విశ్వాసం నిలకడగానే ఉంది, మారింది అంచనా మాత్రమే. కొందరి విషయంలో విలువలే మారతాయి. చదువు, వలస, పెళ్లి, కొత్త స్నేహాలు, ఒక్కోసారి సొంత మతపెద్దల ప్రవర్తన చూసి కలిగిన బాధ అందుకు కారణాలు కావచ్చు. అది దాచుకోవలసిన విషయం కాదు గానీ, ఎన్నికల వేడిలో కాకుండా తీరిక ఉన్నప్పుడు నిదానంగా ఆలోచించుకోవలసిన విషయం.

అసెంబ్లీకి ఒక పార్టీకి, లోక్‌సభకు మరో పార్టీకి వేస్తే నాకు స్థిరమైన నమ్మకం లేనట్టేనా?

అలా అనుకోనక్కరలేదు. తెలంగాణలో 2018 డిసెంబరులో 119 అసెంబ్లీ స్థానాల్లో ఒక్కటి మాత్రమే గెలిచిన భారతీయ జనతా పార్టీ, కొన్ని నెలలకే 2019 లోక్‌సభ ఎన్నికల్లో 17 స్థానాల్లో నాలుగు గెలిచింది. ఓటరు రెండు ఎన్నికలనూ రెండు వేర్వేరు ప్రశ్నలుగా చూశాడు. దేశం, జాతీయ నాయకత్వం, మతపరమైన గుర్తింపు వంటివి లోక్‌సభ ఓటులో ఎక్కువ బరువు తూగవచ్చు. రైతులకు పెట్టుబడి సాయం, నీళ్లు, పింఛను శాసనసభ ఓటులో ముందుకు రావచ్చు. గ్రామ పంచాయతీ సర్పంచి ఎన్నికైతే పార్టీ గుర్తులే లేకుండా జరుగుతుంది, అక్కడ మీ వీధి మురుగుకాలువ సంగతి తెలిసిన మనిషి కావాలి. ఎన్నుకొనే పదవికి ఏ అధికారం ఉందో చూసుకొని ఓటు వేయడం నిలకడలేమి కాదు.

మా పెద్దల కాలంలో ఎన్నికల్లో మతం ప్రస్తావనే లేదంటారు, నిజమా?

నిజం కాదు, ఇప్పటికంటే సూటిగా ఉండేది. బ్రిటిష్ ప్రభుత్వం 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే ముస్లిం ప్రతినిధిని ముస్లిం ఓటర్లే ఎన్నుకోవాలి. 1919 సంస్కరణలతో మద్రాసు రాష్ట్రంలో భారతీయ క్రైస్తవులకూ అదే పద్ధతి వచ్చింది. దానిని గట్టిగా వ్యతిరేకించినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు ఒకరు. మన తెలుగు పల్లెల్లో వేలాది పేద క్రైస్తవుల మధ్య పనిచేసిన ఆ బిషప్, ప్రత్యేక నియోజకవర్గం తన ప్రజలను చుట్టుపక్కల సమాజం నుంచి విడదీస్తుందని భావించారు. రాజ్యాంగ సభ 1947లో ప్రత్యేక నియోజకవర్గాలను తోసిపుచ్చింది. 1949 మే నెలలో మతపరమైన అల్పసంఖ్యాకులకు చట్టసభల్లో స్థానాల రిజర్వేషన్ కూడా వద్దనుకుంది, ఆ నిర్ణయానికి అల్పసంఖ్యాక వర్గాల సభ్యులే పలువురు మద్దతు పలికారు. ఈనాడు అన్ని మతాలవారి పేర్లూ ఒకే ఓటరు జాబితాలో ఉన్నాయంటే రాజ్యాంగంలోని 325వ అధికరణమే కారణం. ఇంత ఆలోచించి తెచ్చుకున్న ఉమ్మడి జాబితాను మనం చాలా తేలికగా తీసుకుంటున్నామని మా బాధ.

మా వాళ్లంతా ఒకే పార్టీకి వేస్తారు. నేను వేరేగా వేస్తే సమాజానికి ద్రోహం చేసినట్టా?

కాదు, పైగా "మా వాళ్లంతా" అన్నది అరుదుగా నిజమవుతుంది. హైదరాబాద్ పాతబస్తీనే చూడండి. 2009 నుంచి 2023 వరకు వరుసగా నాలుగు ఎన్నికల్లో మజ్లిస్ పార్టీ ఏడేసి అసెంబ్లీ స్థానాలు గెలవడం చూసి, బయటివారు అక్కడి ముస్లింలందరూ ఒకే మాట మీద ఉన్నారనుకుంటారు. అదే 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ అభ్యర్థి, మరో ముస్లిం పార్టీ అయిన మజ్లిస్ బచావో తెహ్రీక్ అభ్యర్థిపై కేవలం 878 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఒకే మసీదులో భుజం భుజం కలిపి నమాజు చేసినవారే పోలింగ్ కేంద్రంలో రెండుగా చీలారు, మరునాడు మళ్లీ అదే వరుసలో నిలబడ్డారు. రక్షణ కోసం కలిసి ఓటు వేయాలన్న ఆలోచన భయం ఉన్నచోట సహజంగానే పుడుతుంది, దానిని చిన్నబుచ్చకూడదు. అయితే ఎప్పుడూ చేతిలోనే ఉంటుందనుకొన్న ఓటును ఏ పార్టీ కూడా కష్టపడి సంపాదించుకోవాలనుకోదు.

## ప్రచారం జరుగుతున్న దశ

"మన మతం వాడికే ఓటేయండి" అని అభ్యర్థి అంటే ఏమవుతుంది?

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123(3) సెక్షన్ ప్రకారం అది అవినీతికర పద్ధతి. నిరూపణ అయితే ఎన్నిక రద్దవుతుంది, ఆరేళ్ల వరకు అనర్హత పడవచ్చు. ఆ సెక్షన్‌లో "ఆయన మతం" అంటే అభ్యర్థి మతమేనా, ఓటర్ల మతమూ వస్తుందా అన్న వివాదం చాలాకాలం నడిచింది. అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరి 2న నలుగురు ముగ్గురుగా చీలి, ఓటర్ల మతాన్ని ఎత్తిచూపి అడిగినా అవినీతికర పద్ధతేనని తీర్పు చెప్పింది. ఆ నలుగురిలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు ఉన్నారు. విభేదించిన ముగ్గురి వాదనలోనూ బలం ఉంది: మతం కారణంగా అన్యాయానికి గురైనవారు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకుండా నోరు కట్టేయకూడదని వారు అన్నారు. మా మతం వాడు కనుక ఓటేయండి అనడానికీ, మా వీధికి నీళ్లు ఆపేశారు అని చెప్పుకోవడానికీ మధ్య తేడా ఓటరుకు తెలియాలి.

మా పాస్టరు గారు, మా స్వామీజీ, మా ఇమాం సాబ్ ఫలానా వారికి వేయమంటే వినాలా?

వినవచ్చు, పాటించవలసిన పని లేదు. మతగురువు కూడా పౌరుడే, ఆయనకూ అభిప్రాయం ఉంటుంది. ప్రార్థనా స్థలాన్ని ప్రచార వేదికగా వాడకూడదని మాత్రం ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988 ప్రకారం గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడుకోవడం నేరం, దానికి అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఇంకా ముఖ్యమైనది, ఫలానా విధంగా ఓటు వేయకపోతే దైవాగ్రహానికి గురవుతారని భయపెట్టడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(2) సెక్షన్ అనుచిత ప్రభావంగా పేర్కొంది. ఓటు హక్కు వినియోగించుకోండి, డబ్బు తీసుకోకండి, పాలకుల కోసం ప్రార్థించండి అని చెప్పడంలో దోషం లేదు. ఆదివారం ప్రసంగం ఆఖరున అభ్యర్థిని పక్కన నిలబెట్టి చేతులెత్తి ఆశీర్వదించడం, శివరాత్రి జాగరణ వేదిక మీద కండువా కప్పించుకోవడం దానికి అవతలి సంగతి.

గుడి మీద దాడి జరిగిందని, మతం మార్చేస్తున్నారని వాట్సాప్‌లో వస్తే నా ఓటు మార్చుకోవాలా?

ముందు వార్తను పరీక్షించండి. నిజంగా జరిగిన ఘటనలు ఉన్నాయి: 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది, అదే ఏడాది డిసెంబరులో రామతీర్థంలో శ్రీరాముని విగ్రహాన్ని ధ్వంసం చేశారు. అవి భక్తులను ఎంతగా కలచివేశాయో ఆంధ్ర ప్రజలందరికీ తెలుసు, ఆ బాధతో ప్రభుత్వాన్ని నిలదీయడం పూర్తిగా న్యాయమే. కానీ వీడియోలో ఊరు, తేదీ లేకపోతే, వేరే రాష్ట్రపు భాష వినిపిస్తే, "అందరికీ పంపండి" అని ఆఖరున ఉంటే ఆగండి. జరిగిన ఘటన విషయంలోనూ అడగవలసింది దోషులను పట్టుకున్నారా, భద్రత పెంచారా అని. పక్కింటి వేరే మతం మనిషిని ఆ నేరానికి జవాబుదారీ చేయమని ఏ సందేశమైనా అడిగితే, అది మీ భక్తిని వాడుకుంటోంది.

గుడులను ప్రభుత్వం వదిలేయాలన్న డిమాండ్ నాకు నచ్చింది. దాని కోసమే ఓటు వేయవచ్చా?

వేయవచ్చు, అది న్యాయమైన విధాన ప్రశ్న. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసినప్పటి నుంచి తెలుగు నేల మీద ఈ చర్చ ఉంది. హుండీయే లేని చిలుకూరు బాలాజీ ఆలయం ఆ చర్చకు కేంద్రాల్లో ఒకటి. మిమ్మల్ని ఓటు అడిగే వ్యక్తిని వివరాలు అడగండి: ప్రభుత్వం తప్పుకొంటే గుడి మాన్యాలను ఎవరు చూస్తారు, ధర్మకర్తల్లో దళితులకు, మహిళలకు చోటుంటుందా, ఆదాయం లేని చిన్న గుడిలో దీపధూప నైవేద్యాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడింటికి జవాబు చెప్పలేని నినాదం గుడికి మేలు చేయదు.

నేను దళిత క్రైస్తవుణ్ని. నా విశ్వాసం ఒకటి, కుల సర్టిఫికెట్ మరొకటి. ఓటు వేసేటప్పుడు దేన్ని చూడాలి?

ఈ ప్రశ్న అడగడానికే చాలామంది భయపడతారు, కనుక కొంత వివరంగా చెప్పాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సి కింద పరిగణిస్తారు, అక్కడ రిజర్వేషన్ ఒక శాతమే. క్రైస్తవంలోకి మారినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఊరి చివరి పేటలో ఉంటూ, చర్చికి వెళ్తున్నా వెళ్లకపోయినా అదే అవమానాన్ని అనుభవిస్తున్న మనిషికి ఈ తేడా ఎంత కఠినంగా తోస్తుందో అర్థం చేసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. అంతకుముందు 2022లో ఈ అంశాన్ని పరిశీలించేందుకు కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో కమిషన్ వేసింది. ఈ హోదా మార్పు పార్లమెంటు చేతిలో ఉంది కాబట్టి, హామీ ఇస్తున్నది ఎమ్మెల్యే అభ్యర్థి అయితే తీర్మానానికి మించి తాను చేయగలిగినది ఏమిటో చెప్పమనండి. ఎంపీ అభ్యర్థి అయితే పార్టీ అధికారిక వైఖరి అడగండి. సర్టిఫికెట్ పోతుందన్న బెదిరింపుతో ఓటు అడిగేవారిని మాత్రం నమ్మవద్దు. మీరు ఎవరికి వేశారో తెలుసుకొనే మార్గమే వారికి లేదు.

## ఇంట్లో, పోలింగ్ ముందు రోజుల్లో

ఇంట్లో ఆయనదొక మాట, నాదొక మాట. అత్తగారు ఇంటి పెద్ద చెప్పినట్టే వేయాలంటున్నారు.

ఓటు కుటుంబానిది కాదు, మనిషిది. పూజ ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవచ్చు, ఓటింగ్ అరలోకి ఒక్కరే వెళ్లాలి. మామగారిని, భర్తను గౌరవిస్తూనే ఎవరికి వేశారో చెప్పకుండా ఉండవచ్చు. చెప్పకపోవడం అబద్ధమాడటం కాదు.

డబ్బు కవరు చేతిలో పెట్టి దేవుడి పటం మీద ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు వేరేవారికి వేస్తే పాపం కదా?

పోలింగ్‌కు ముందు రాత్రి ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి, ఓటరు స్లిప్పుతో పాటు కవరు ఇచ్చి, వెలిగించిన కర్పూరం మీదో, వెంకన్న పటం మీదో, బైబిల్ మీదో చెయ్యి పెట్టమనడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. దేవుడికి భయపడే ఆడవాళ్లనే అందుకు ముందు ఎంచుకుంటారు. ఆ భయాన్ని అలా వాడుకోవడం చూస్తే మాకు నిజంగా కోపం వస్తుంది. చట్టం దృష్టిలో డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ కింద లంచమే, దైవభయంతో ఓటును లాక్కోవడం 171వ సెక్షన్ కింద అనుచిత ప్రభావం. బెదిరించి పుచ్చుకొన్న మాటకు న్యాయపరమైన విలువ లేదు. ధర్మం దృష్టిలో చూసినా, తప్పు పని చేస్తానని బలవంతాన వేసిన ఒట్టు మనిషిని కట్టిపడేయదని చెప్పే పెద్దలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. మీ మనసు ఇంకా ఊరుకోకపోతే మీరు నమ్మే గురువుతో మాట్లాడండి, కానీ పోలింగ్‌కు ముందే మాట్లాడండి. వీలైతే ఎన్నికల సంఘం వారి సి-విజిల్ యాప్‌లో ఫొటో పంపండి, లేదా ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.

## పోలింగ్ రోజు

బురఖాతో, బొట్టుతో, సిలువతో పోలింగ్ కేంద్రానికి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. అవి మీ రోజువారీ వేషధారణ, ప్రచార చిహ్నాలు కావు. బురఖా ధరించిన ఓటరు ముఖాన్ని గుర్తింపు కార్డుతో సరిచూడవలసి వస్తే, మహిళా సిబ్బంది చాటుగా చూసే ఏర్పాటు ఉంటుంది. పార్టీ కండువా, గుర్తు ఉన్న టోపీ మాత్రం బయటే వదలండి.

ఏ అభ్యర్థీ నా అంతరాత్మకు ఒప్పడు. ఓటు మానేయవచ్చా?

మానేయడం కంటే నోటా (పైవారెవరూ కాదు) మేలు. సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013 నుంచి ఆ మీట యంత్రంలో ఉంది. అయితే నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారని తెలుసుకొని నొక్కండి.

## ఫలితాల తర్వాత

గెలిచిన వ్యక్తి "ఆత్మసాక్షిగా" అని ప్రమాణం చేశాడు. దేవుడి మీద నమ్మకం లేనట్టేనా?

తప్పనిసరిగా అలా కాదు. రాజ్యాంగం మూడో షెడ్యూలు దైవసాక్షిగా ప్రమాణం, ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ అనే రెండు దారులనూ సమానంగా ఇచ్చింది. నాస్తికులు రెండోది ఎంచుకుంటారు, దేవుడి పేరు రాజకీయాల్లోకి తేకూడదని భావించే భక్తులూ దానినే ఎంచుకుంటారు. ప్రమాణంలోని మిగతా మాటలు ఇద్దరికీ ఒక్కటే.

మేము గెలిపించాం కనుక మా మతానికి నిధులు అడగవచ్చా?

అడగవచ్చు, పరిమితులున్నాయి. ఏదైనా ఒక మతాన్ని పోషించడానికే ప్రత్యేకంగా కేటాయించే పన్నును ఎవరిచేతా బలవంతంగా కట్టించకూడదని రాజ్యాంగంలోని 27వ అధికరణం చెబుతోంది. సాధారణ నిధుల నుంచి కొంత సాయం చేయడం దానికి విరుద్ధం కాదని హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది, ఆ సబ్సిడీని కేంద్రం 2018లో ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అర్చకులకు, ఇమాంలకు, పాస్టర్లకు గౌరవవేతనాలు ఇవ్వడం ఈ కోవలోనిదే. మా అభిప్రాయంలో, మీ మతానికి ఏమి వచ్చిందని అడిగే ముందు మీ మండలంలో ఆసుపత్రికి డాక్టరు వచ్చాడా అని అడగడం ఎమ్మెల్యేకు ఎక్కువ ఇబ్బంది కలిగించే ప్రశ్న.

మతం రెచ్చగొట్టే గెలిచాడని నా దగ్గర ఆధారం ఉంది. ఇప్పుడేం చేయాలి?

ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఓడిన అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గపు ఏ ఓటరైనా వేయవచ్చు, 2,000 రూపాయలు డిపాజిట్ చేయాలి. ఇలాంటి కేసులు నిలబడతాయనడానికి ఉదాహరణ ముంబైలో ఉంది: 1987లో విలే పార్లే ఉపఎన్నికలో గెలిచిన శివసేన అభ్యర్థి ఎన్నిక, ఆ పార్టీ అధినేత బాల్ ఠాక్రే ప్రసంగాల కారణంగా రద్దయింది, సుప్రీంకోర్టు 1995లో దానిని ఖాయం చేసింది. ఆ తర్వాత ఠాక్రేకు స్వయంగా ఆరేళ్లపాటు ఓటు హక్కు లేకుండా పోయింది. మీ పిటిషన్ నిలవాలంటే ప్రసంగం జరిగిన తేదీ, స్థలం, కోత పెట్టని రికార్డింగు, స్వయంగా విన్న సాక్షులు, మాట్లాడింది అభ్యర్థి కాకపోతే ఆయన సమ్మతి ఉందని చూపే ఆధారం కావాలి. ఎడిట్ చేసిన క్లిప్పును కోర్టు నమ్మదు, కాబట్టి అసలు ఫైలును ఫోన్‌లోంచి తొలగించకుండా ఉంచి, ముందుగా న్యాయవాదికి చూపించండి.